సువేగా తాగిన సారా

మా యింట్లో తాగుడు అలవాటు ఎవరికీ లేదు. తాతల నాటి నుంచీ లేదు. అటువంటి పరువైన యింట్లో నలభై యేళ్ళుగా బుద్ధిమంతురాలనిపించుకున్న ఒక పెద్దావిడ 2025 శ్రావణ మాసంలో, అదీ వరలక్ష్మీ వ్రతం నాడు, సారా పుచ్చుకుని రామంతాపూర్ నడివీధిలో కూలబడింది. తాగించిన పాపం నాది. ఆవిడ పేరు సువేగా.

కంగారు పడకండి. సువేగా మనిషి కాదు, మోపెడ్. సైకిలుకి ఇంజను తగిలిస్తే ఎలా వుంటుందో అలా వుంటుంది. పెడల్స్ వుంటాయి. దారిలో పెట్రోలు అయిపోతే సైకిలు లాగే తొక్కుకుంటూ యింటికి రావచ్చు. ఇప్పటి పిల్లలకి ఈ జాతి బళ్ళన్నీ లూనాలే. లూనా 1972లో మహారాష్ట్ర నుంచి వచ్చింది. టీవీఎస్ 50 వచ్చింది 1980లో, హోసూరు నుంచి. సువేగా వాళ్ళిద్దరికంటే పెద్దది, పైగా అచ్చంగా తెలుగింటి ఆడపడుచు. తిరుపతిలో మోపెడ్స్ ఇండియా లిమిటెడ్ అనే కంపెనీ, ఫ్రాన్సు దేశపు మోటోబెకాన్ వాళ్ళ సహకారంతో తయారు చేసేది. ఆ మోటోబెకాన్ వాళ్ళు యుద్ధంలో చితికిపోయిన తమ దేశంలో, కారు కొనుక్కోలేని జనం కోసం 1949లో మోబిలెట్ అనే చిన్న బండి తెచ్చారు. అక్కడి రైతులూ, పంతుళ్ళూ, పోస్టు జవానులూ ఎక్కి తిరిగిన ఆ బండే మన తిరుపతికొచ్చి, సంస్కృతంలో బారసాల చేయించుకుని సువేగా అయింది.

అమ్మ దాన్ని 1984లో సెకండ్‌హ్యాండులో కొన్నది. అప్పుడు నాకు నాలుగేళ్ళు. అమ్మ నాచారంలో ఒక బళ్ళో టీచరు. మేముండేది రామంతాపూర్, ఇప్పటికీ అదే యిల్లు. మ్యాపులో చూస్తే ఈ రెండూ పక్కపక్కనే కదా అనిపిస్తాయి. కానీ ఆ రోజుల్లో బస్సులు మారి, మారిన చోట నిలబడి, కిక్కిరిసిన దాంట్లో చీర కుచ్చెళ్ళు కాపాడుకుంటూ వెళ్ళి రావడమంటే రోజులో పావు వంతు దానికే సరిపోయేది. ఆడవాళ్ళు బండి నడపడమేమిటని నాయనమ్మ గొణిగిందిట. అది వెంకటేశ్వరస్వామి వూరి నుంచి వచ్చిన బండి అని నాన్న చెప్పేసరికి, నోరు మూసుకుని బండికి పసుపూ కుంకుమా పెట్టింది. ఆ తరవాత అమ్మకి రోజుకి గంటన్నర మిగిలింది. ఆ గంటన్నరని అమ్మ వంటింటికివ్వలేదు, మాకూ యివ్వలేదు. ప్రైవేటుగా ఎమ్మేకి కట్టి, పుస్తకం ముందేసుకుని కూర్చుంది. ప్యాసయింది. బి.ఏ. దగ్గర ఆగిన నాకు ఆ సంగతి ఇప్పటికీ గుర్తు చేస్తూంటుంది.

ఈ రకం బండికి టూ-స్ట్రోక్ ఇంజను. దానికి పెట్రోల్లోనే నూనె కలిపి పోయాలి. బంకుల్లో నూనె కలిపిన పెట్రోలు వేరే వుండేది కానీ అమ్మకి వాళ్ళ లెక్క మీద నమ్మకం లేదు. నా దగ్గు మందు గ్లాసు పట్టుకెళ్ళి, లీటరుకి నలభై మిల్లీలీటర్లు తనే కొలిచి పోసేది. దగ్గొచ్చినప్పుడల్లా నా మందులో మోటారు వాసన వస్తోందని నేను ఏడ్చేదాన్ని.

అమ్మ రిటైరయ్యాక సువేగా రేకుల షెడ్డులో పాత మంచం పక్కన చేరింది. మోకాళ్ళు అరిగిపోయి అమ్మ కూడా గుమ్మం దాటడం తగ్గించింది. ఒకనాడు కాఫీ తాగుతూ, “దాని చప్పుడు వినాలనుందే” అన్నది. అమ్మ నన్ను ఏదైనా కావాలని అడగడం చాలా అరుదు. ఉప్పల్ నుంచి మెకానిక్ భాయిని పిలిపించాను. ఆయన షెడ్డులో బండిని చూసి, చిన్ననాటి నేస్తం కనిపించినట్టు నవ్వాడు. ఉగాదికల్లా నడిచింది. వెళ్ళేటప్పుడు మాత్రం ఒక మాట చెప్పాడు.

“మేడమ్, ఇప్పటి పెట్రోల్ల దారూ కలుపుతున్రు. దీని రబ్బర్లకు అది పడదు. పోస్తే పోసిన్రు గానీ ట్యాంకుల నిలవ పెట్టకుండ్రి. నడపకుంటే ఖాళీ చేసి పెట్టుండ్రి.”

సరేనన్నాను. బంకుకెళ్ళి ట్యాంకు నింపాను. నాలుగు రోజులు సందుల్లో తిప్పాను. తరవాత ఒక నవల చివరి అధ్యాయాలు మీద పడ్డాయి, వానలూ పడ్డాయి. షెడ్డు రేకు కారింది. వ్రతం నాడు తమలపాకులు మర్చిపోయామని బండి బయటికి తీశాను. దగ్గింది, తుమ్మింది, చివరికి అంటుకుంది. వీధి మలుపు దాకా వెళ్ళి కీచుమని ఒక అరుపు అరిచి ఆగిపోయింది. పట్టుచీరలో ఆ బండిని తోసుకుంటూ వస్తూంటే వీధి వీధంతా చూసింది.

భాయి విప్పి చూపించాడు. పెట్రోలు వచ్చే రబ్బరు గొట్టం నానిన అప్పడంలా వుబ్బింది. పిస్టన్ మీద గీతలు.

“చెప్తే యినకపోతిరి” అన్నాడు. కోపంగా కాదు, జాలిగా.

అసలు జరిగిందేమిటో ఆయనా, తరవాత నేను చదివిన పుస్తకాలూ కలిసి నాకు బోధపరిచాయి. మనకి వంటింటి భాషలో చెప్పుకుంటే సులువు. వానాకాలంలో ఉప్పు జాడీ మూత సరిగ్గా పెట్టకపోతే ఏమవుతుంది? గాల్లో తేమంతా పీల్చి నీరు కారుతుంది. ఇథనాలుదీ అదే బుద్ధి. ఇథనాలంటే మరేమిటో కాదు, సారాలో మత్తెక్కించే పదార్థమే, నీరు తీసేసి చిక్కబరిచినది. దానికి నీళ్ళంటే ప్రాణం. ఉత్త పెట్రోల్లో నాలుగు వానచుక్కలు పడితే అవి అడుగున ఓ మూల ముత్యాల్లా కూర్చుంటాయి, ట్యాంకు వంపేస్తే పోతాయి. ఇథనాల్ కలిపిన పెట్రోల్లో పడితే కొంతవరకూ కలిసిపోతాయి. ఆ హద్దు దాటిందా, ఇథనాలు పెట్రోలుతో కాపురం వదిలేసి నీళ్ళతో లేచిపోతుంది. చారు తేరినట్టు పైన పెట్రోలు, కింద నీళ్ళూ ఇథనాలూ. నూనె పెట్రోలుతోనే పైన వుండిపోతుంది. గొట్టం ట్యాంకు అడుగున కదా వుండేది? ఇంజనుకి ముందు అందేది నూనె లేని ఆ కింది సరుకే. నూనె వెయ్యకుండా మూకుడు పొయ్యి మీద పెట్టి పెద్ద మంట చేశామనుకోండి, అదీ నా సువేగా పిస్టన్‌కి జరిగింది. నీళ్ళు పడకపోయినా ఇంకో చిక్కుంది. ఇథనాల్లో ఆక్సిజను వుంటుంది కాబట్టి, ఉత్త పెట్రోలు కోసం అమర్చిన పాత కార్బరేటరులో మిశ్రమం పలచబడి ఇంజను ఎక్కువ వేడెక్కుతుంది. కొత్త బళ్ళలో దాన్ని సరిచేసుకునే తెలివితేటలుంటాయి. దీనికి లేవు.

ఇదంతా విని మొదట నాకు వొళ్ళు మండింది. మన కాలంలోనే ఈ కల్తీ మొదలైందని ఆవేశపడిపోయి పాత పుస్తకాలు తిరగేశాను. తిరగేసేసరికి ఆవేశం కొంత చల్లారింది. ఎందుకంటే ఈ హైదరాబాదు పెట్రోలు సారా రుచి చూడడం ఇది మొదటిసారి కాదు!

మన నిజాం నవాబుగారి ప్రభుత్వం మంజీరా నది మీద నిజాంసాగర్ కట్టి 1931లో పూర్తి చేసింది. నీళ్ళొచ్చాయి, చెరకొచ్చింది. చెరకు కోసం 1937లో బోధన్ దగ్గర నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. ఆ కాలనీకి శక్కర్‌నగర్ అని పేరు. పంచదార తీశాక నల్లటి జిగురు మడ్డి మిగులుతుంది. ఆ మడ్డి పులియబెడితే సారా, ఆ సారాని బాగా బట్టీ పట్టి నీరు తీసేస్తే పవర్ ఆల్కహాల్. ఇంతలో యుద్ధం వచ్చింది. 1942లో జపానువాళ్ళు బర్మా ఆక్రమించుకున్నారు. మన దేశానికి కిరసనాయిలూ, పెట్రోలూ చాలామటుకు వచ్చేది బర్మా బావుల నుంచే. శత్రువు చేతికి చిక్కకూడదని ఇంగ్లీషువాళ్ళే వెళ్ళిపోతూ యెనాంగ్యాంగ్ నూనె బావుల్ని ధ్వంసం చేశారు. ఇక్కడ పెట్రోలుకి రేషను. తెలుగుదేశమంతటా బస్సుల వెనకాల బొగ్గు కుంపటి లాంటి యంత్రం కట్టి, ఆ గ్యాసుతో నడిపించారు. మా తాతగారు ఆ బొగ్గు బస్సులో ప్రయాణం గురించి చెప్పి చెప్పి నవ్వేవారు. ఎత్తు వస్తే ప్రయాణీకులు దిగి తొయ్యాల్సిందేనట. అటువంటి రోజుల్లో బోధన్ మడ్డి నుంచి తీసిన పవర్ ఆల్కహాల్ సంస్థానానికి ఎంత ఆసరాగా కనిపించి వుంటుందో వూహించుకోండి. అటు మైసూరు సంస్థానం మండ్యలోనూ ఇదే పని చేశారు. సంయుక్త రాష్ట్రాలవాళ్ళు, అంటే ఇప్పటి ఉత్తరప్రదేశ్‌వాళ్ళు, 1940లోనే దీనికొక చట్టం చేసుకున్నారు. స్వాతంత్ర్యం రాగానే 1948లో దేశం మొత్తానికీ పవర్ ఆల్కహాల్ చట్టం వచ్చింది.

ఆ తరవాత పెట్రోలు చవగ్గా దొరకడంతో ఈ గొడవ జనం మరిచిపోయారు. చట్టం మాత్రం పుస్తకాల్లో అలాగే పడి వుండి, చివరికి 2000లో రద్దయింది. తమాషా చూడండి, రద్దయిన మూడేళ్ళకి మళ్ళీ కలపడం మొదలు! 2003 జనవరి నుంచి తొమ్మిది రాష్ట్రాల్లో అయిదు శాతం ఇథనాల్ కలపాలన్నారు. వాటిలో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అది నడిచీ నడవనట్టు చాలాకాలం కుంటింది. తరవాత ఉన్నట్టుండి పరుగందుకుంది. 2022 జూన్‌కల్లా దేశం సగటున పది శాతం చేరింది. ఇరవై శాతం కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై, 2025కల్లా ఎక్కడ చూసినా అదే అయింది. 2030కని పెట్టుకున్న గడువుని అయిదేళ్ళు ముందుకి జరిపేశారు.

కలిపేవాళ్ళ కారణాలు కొట్టిపారెయ్యదగినవి కావు. మనం వాడే ముడి చమురులో నూటికి ఎనభై అయిదు వంతులకి పైగా బయటి నుంచి కొనుక్కొచ్చేదే. ఆ డబ్బులో కొంతైనా చెరకు రైతుకీ మొక్కజొన్న రైతుకీ పోతే చేదా? అయితే లెక్కలో రెండో వైపు కూడా వుంటుంది. లీటరు ఇథనాల్లో వుండే శక్తి లీటరు పెట్రోలులో వున్నదానికి మూడింట రెండు వంతులే. 2021లో నీతి ఆయోగ్ వేసిన ప్రణాళికలోనే, పాత రకం కార్లకి ఆరేడు శాతం, ద్విచక్ర వాహనాలకి మూడు నాలుగు శాతం మైలేజీ తగ్గవచ్చని రాసుకున్నారు. పాత బళ్ళ కోసం పది శాతం రకాన్ని కూడా దొరికేలా వుంచాలన్న మాట కూడా అందులోనే వుంది. ఇంకొక సంగతి. ఈ ఇథనాల్ ఇప్పుడు ఒక్క మడ్డి నుంచే కాదు, బియ్యం నుంచీ మొక్కజొన్న నుంచీ తీస్తున్నారు. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో అలాంటి ఫ్యాక్టరీ మా వూరికి వద్దని జనం జాతీయ రహదారి మీద బైఠాయించారు. ఆడవాళ్ళు పెద్ద సంఖ్యలో వచ్చారు. మా నీళ్ళూ గాలీ ఏమవుతాయన్నది వాళ్ళ ప్రశ్న. అటు బోధన్‌లో, ఈ కథంతా మొదలైన ఆ శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ, 2015 డిసెంబరులో మూతపడింది. దేశమంతా ఇథనాల్ ఇథనాల్ అని కలవరిస్తున్న రోజుల్లో దాని పొగగొట్టం చల్లారిపోయి వుండటం నాకు ఎంత ఆలోచించినా మింగుడు పడదు.

అమెరికాలో వున్న మా తమ్ముడికి సువేగా గుండెపోటు సంగతి ఫోనులో చెప్పాను. వాడు పగలబడి నవ్వి, తరవాత ఒక మంచి ముక్క చెప్పాడు. అక్కడ కుర్రాళ్ళు మామూలు సైకిలుకి చిన్న ఇంజను తెచ్చి వాళ్ళే బిగించుకుని తిరుగుతుంటారట. అచ్చం మన సువేగా వేషమే. అక్కడి మామూలు పెట్రోల్లోనూ పది శాతం ఇథనాలే. కానీ ఈ సైకిళ్ళవాళ్ళూ, పడవలవాళ్ళూ, గడ్డి కోసే మిషన్లవాళ్ళూ వెతుక్కుని వెళ్ళి ఇథనాల్ లేని పెట్రోలు కొంటారు. కొన్ని బంకుల్లో దానికి వేరే గొట్టముంటుంది. పదిహేను శాతం కలిపిన రకం అమ్మే చోట, మోటారు సైకిళ్ళకీ చిన్న ఇంజన్లకీ ఇది పొయ్యకూడదని నారింజరంగు చీటీ అంటించి తీరాలి, అది వాళ్ళ చట్టం. ఇంగ్లండులో 2021 సెప్టెంబరులో పది శాతం రకం తెచ్చినప్పుడు, పాత బళ్ళ కోసం అయిదు శాతం రకాన్ని ఖరీదైన పెట్రోలు రూపంలో అట్టేపెట్టారు. బ్రెజిల్ వాళ్ళయితే 1931లోనే కలపడం తప్పనిసరి చేసుకున్నారు. మనకంటే ఎన్నో రెట్లు తాగుబోతులు, కానీ ఏం తాగుతున్నారో తెలిసి తాగుతున్నారు.

నా ఫిర్యాదల్లా అక్కడే. కలిపారని కాదు. సాంబారులో ముల్లంగి వేశారని ఎవరూ పోట్లాడరు. పడనివాళ్ళకి ఒక గిన్నె విడిగా తీసి వుంచడం ఏ యింటి ఇల్లాలికైనా తెలిసిన మర్యాద. నేను పోయించుకున్న బంకులో, ఇందులో ఎంత కలిసిందయ్యా అని అడిగితే ఆ కుర్రాడు “అంతటా గదే ఆంటీ” అన్నాడు. వాడి తప్పేముంది పాపం. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అందుబాటులో వుంచమని ఎవరో సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 2025 సెప్టెంబరు 1న ఆ వ్యాజ్యం కొట్టివేశారు. 2023 ఏప్రిల్ తరవాత తయారైన బళ్ళకి దీన్ని తట్టుకునే రబ్బర్లే వేస్తున్నారు కనుక వాటికి బెంగ లేదు. బెంగల్లా సందు చివర కూరగాయల బుట్ట కట్టుకుని తిరిగే పాత బండికీ, దాని మీద బతికేవాడికీ.

భాయి నెల రోజులు తిరిగి ఎక్కడో పాత పిస్టనూ రింగులూ సంపాదించాడు. రబ్బరు గొట్టం కొత్త రకంది, ఇథనాల్‌కి తట్టుకునేది వేశాడు. “గిప్పుడు పోసుడు మీ యిష్టం మేడమ్” అని చేతులు దులుపుకున్నాడు. మన దగ్గరా ఒక దారి వుందని ఆయనే చెప్పాడు. నూరు ఆక్టేన్ పెట్రోలని ఒకటి, ఖరీదైన మోటారు సైకిళ్ళ కోసం, 2020 చివర్లో దేశంలోకొచ్చింది. అందులో ఇథనాల్ కలపరని చెప్పుకుంటారు. ధర మామూలుదానికి దాదాపు ఒకటిన్నర రెట్లు, దొరికే బంకులు బహు కొద్ది. సీసాల్లో డబ్బాల్లో పొయ్యరు కనుక బండినే తీసుకెళ్ళాలి. సువేగాని ఆటో ట్రాలీ ఎక్కించి, తాళ్ళతో కట్టి, నేను డ్రైవరు పక్కన కూర్చుని, రామంతాపూర్ నుంచి నగరం అవతలి వైపు దాకా ఊరేగింపుగా వెళ్ళాను. లక్షల ఖరీదు చేసే మోటారు సైకిలు మీదొచ్చిన కుర్రాడు తన వంతు వదులుకుని, “ముందు అమ్మమ్మకి పొయ్యండి” అన్నాడు. బండినే అన్నాడని అనుకుంటున్నాను.

చెప్పుకున్నంత మాత్రాన నమ్మే దశ దాటిపోయాను కదా. పెరట్లో, పొయ్యికీ దేవుడి దీపానికీ దూరంగా, మిల్లీలీటర్ల గీతలున్న పాతకాలపు గాజు పాలసీసాలో పరీక్ష పెట్టాం. యాభై గీత దాకా నీళ్ళు. దాని మీద నూట యాభై దాకా నా స్కూటరు నుంచి తీసిన మామూలు పెట్రోలు. మూత బిగించి కుదిపి, కదలకుండా పెట్టాం. కాసేపటికి తేరింది. కింద నీళ్ళ మట్టం యాభై నుంచి డెబ్బై దగ్గరికి పెరిగి కూర్చుంది. పెట్రోల్లోని ఇథనాలు నీళ్ళలోకి దిగిపోయిందన్నమాట. సీసా కడిగి, ఈసారి ట్రాలీలో వెళ్ళి తెచ్చిన పెట్రోలుతో అదే పని చేశాం. నీళ్ళు యాభై గీత దగ్గరే వున్నాయి. అమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు చూసింది. ఆ సీసాని మాత్రం తరవాత ఇంక దేనికీ వాడకుండా విరక్కొట్టి పారేశాం. మీరెవరైనా చేస్తే మీరూ అదే చెయ్యండి.

నూనె నేను కలపబోతూంటే అమ్మ గ్లాసు లాక్కుంది. అదే దగ్గు మందు గ్లాసు. నలభై గీత దగ్గర కంటికెదురుగా పట్టుకుని, ఒక చుక్క ఎక్కువైతే సీసాలోకి వెనక్కి వంపి, పోసింది. స్టాండు మీద వున్న బండెక్కి కూర్చుంటానన్నది. మోకాళ్ళ సంగతేమిటమ్మా అన్నాను. వినిపించుకోలేదు. భాయి ఒక పక్కా నేనొక పక్కా పట్టుకున్నాం. అమ్మ పెడల్ మీద పాదం ఆనించింది, భాయి చేత్తో తిప్పాడు. మూడో తిప్పుకి అంటుకుంది. తెల్లటి పొగ పెరడంతా కమ్మేసింది. టూ-స్ట్రోక్ పొగ మంచిది కాదు, నాకు తెలుసు, మీరు రాయక్కర్లేదు. పక్కింటావిడ దగ్గుకుంటూ గోడ మీదుగా తొంగి చూసింది. నేను ఆపబోయాను.

“కట్టెయ్యకే. కాసేపుండనీ,” అన్నది అమ్మ.